హోమ్ పిల్లల కోసం నెలకు ఇరవై వేలు: ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: మాది హనుమకొండ. మా కాలనీ సంఘంలో నలభై ఇళ్ళున్నాయి. ఇంటికి ఐదు వందల చొప్పున నెలకు ఇరవై వేలు పోగుచేసి దగ్గరలోని ఆడపిల్లల హోమ్‌కు సాయం చేద్దామనుకున్నాం. ఇప్పటిదాకా ఎవరి పుట్టినరోజుకు వాళ్ళు బిర్యానీ, కేకు, పాత బట్టలు ఇచ్చి వస్తున్నాం. మొన్న అక్కడి సూపరింటెండెంట్ మేడమ్ "తిండికీ బట్టలకూ మాకు లోటు లేదమ్మా, ఇంకేదైనా చూడండి" అన్నారు. మావాళ్ళలో కొందరు నొచ్చుకున్నారు. ఏం చేస్తే నిజంగా ఉపయోగం? మా కాలనీలో నలభై ఆరేళ్ళ టీచరమ్మ ఉన్నారు, పెళ్ళి చేసుకోలేదు. దత్తత కాకుండా ఒక పాపను ఇంట్లో ఉంచుకుని పెంచుతానంటున్నారు. అది కుదురుతుందా? దసరాకు ఇద్దరు పిల్లల్ని మా ఇంటికి తెచ్చుకోవచ్చా? డాలస్‌లో ఉన్న మా తమ్ముడు కూడా డబ్బు పంపుతానంటున్నాడు. ఎలా తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మేడమ్ చెప్పింది నిజం. నొచ్చుకోవద్దని మీవాళ్ళకు చెప్పండి. ఊళ్ళో ఉన్న హోమ్‌కు పుట్టినరోజులు, వర్ధంతులు, ఆగస్టు 15, జనవరి 26 వచ్చాయంటే ఒకే పూట మూడు చోట్ల నుంచి బిర్యానీ వస్తుంది. పిల్లలు తినలేరు, వంటమనిషి అప్పటికే వండిన అన్నం పారబోయాలి. అదే జూన్‌లో బడులు తెరిచేసరికి బూట్లు, సంచులు, లాంగ్ నోటుబుక్కులు కావాలంటే అడిగే మనిషి కనిపించడు.

అసలు లోటు మాత్రం హోమ్ గోడల బయట ఉంది. తల్లిదండ్రులు లేక అమ్మమ్మ దగ్గరో మేనత్త దగ్గరో ఉంటూ, ఇల్లు గడవక రేపో మాపో హోమ్‌కు చేరబోయే పిల్లలు కొందరు. ఫోస్టర్ కేర్ కింద, అంటే దత్తత కాకుండా కొంతకాలం పెంచే ఏర్పాటు కింద, ఒక కుటుంబంలో ఉంటున్న పిల్లలు కొందరు. పద్దెనిమిది నిండగానే పెట్టె సర్దుకుని హోమ్ గేటు దాటాల్సిన వాళ్ళు మరికొందరు. ఈ ముగ్గురి దగ్గరికీ పుట్టినరోజు కేకు పట్టుకుని ఎవరూ వెళ్ళరు, ఎందుకంటే వాళ్ళంతా ఒక్కచోట దొరకరు. మీ ఇరవై వేలలో ఎక్కువ భాగం వాళ్ళకే వెళ్ళాలని మా అభిప్రాయం. పిల్లల్ని సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గంగానే ఉండాలని 2015 నాటి బాల న్యాయ చట్టం కూడా చెబుతోంది. హోమ్‌లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారు. నెలకు నాలుగు వేలు చేతికి అందితే బిడ్డను ఇంట్లోనే ఉంచుకోగలిగిన వాళ్ళు వాళ్ళలో ఎందరో.

ముందు వెళ్ళాల్సింది హోమ్‌కు కాదు, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి. దాన్ని డీసీపీయూ అంటారు. కలెక్టరేట్‌లో జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయం ఎక్కడని అడిగితే దారి చెబుతారు. అక్కడ కలవాల్సిన మనిషి జిల్లా బాలల పరిరక్షణ అధికారి. మీ సంఘం రిజిస్ట్రేషన్ పత్రం నకలు, కార్యవర్గ తీర్మానం, నెలకు ఎంత, ఎన్నేళ్ళపాటు ఇవ్వగలరో రాసిన ఒక పేజీ ఉత్తరం పట్టుకుని ఇద్దరు వెళ్ళండి. ఎన్నేళ్ళన్నది తప్పకుండా రాయాలి, అధికారులు మొదట చూసేది అదే. మీ జిల్లాలో స్పాన్సర్‌షిప్ (ఇంట్లోనే ఉంచి పెంచడానికి నెలనెలా ఇచ్చే డబ్బు సాయం) కోసం ఎదురుచూస్తున్న పిల్లలెందరు, ఈ ఏడాది, వచ్చే ఏడాది పద్దెనిమిది నిండేవాళ్ళెందరు, ఫోస్టర్ కుటుంబాలు ఉన్నాయా, ఈ మూడూ అడగండి. పేర్లు మాత్రం అడగొద్దు, వాళ్ళు చెప్పకూడదు.

మీరు వెళుతున్న హోమ్‌కు చట్టంలోని 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. ట్రస్టు రిజిస్ట్రేషన్ వేరు, ఇది వేరు. దాతలు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. గోడమీద ట్రస్టు నంబరు చూసి అన్నీ సక్రమమే అనుకుంటారు. 41 కింద నమోదు లేకుండా పిల్లల్ని ఉంచుకుంటే ఏడాది దాకా జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ ఉంటాయి. నమోదు లేని చోట పిల్లలు ఎలా వచ్చారో, ఎవరి ఆదేశంతో ఉన్నారో అడిగే నాథుడు ఉండడు. అలాంటి చోటికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, డీసీపీయూకు చెప్పండి.

ఇక బంధువుల ఇళ్ళలో ఉన్న పిల్లల సంగతి. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ నెలకు నాలుగు వేలు. భర్త చనిపోయిన, విడిపోయిన లేదా కుటుంబం వదిలేసిన తల్లుల పిల్లలు, అనాథలై బంధువుల దగ్గర ఉన్నవాళ్ళు, తల్లిదండ్రులకు ప్రాణాంతక జబ్బు ఉన్న పిల్లలు, తల్లిదండ్రులు మంచాన పడిన పిల్లలు దీనికి అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 దాటకూడదు. జిల్లా కమిటీ ఆమోదించాక డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

కాగితం మీద ఇది చక్కటి పథకం. అమ్మమ్మ చేతికి వచ్చేసరికి ఎక్కడ ఆగిపోతుందో చూడండి. తండ్రి చనిపోయినప్పుడు మరణ ధ్రువపత్రం ఎవరూ తీసుకోరు. పిల్ల పేరు ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టర్లో ఇంకోలా ఉంటుంది. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవకు వెళితే రేషన్ కార్డులో పిల్ల పేరు లేదంటారు, ఎందుకంటే పేరు ఇంకా చనిపోయిన తండ్రి కార్డులోనే ఉంది. బ్యాంకుకు వెళితే సంరక్షకురాలివని రుజువేదీ అంటారు. కూలికి వెళ్ళే మనిషి ఈ నాలుగు ఆఫీసులకూ నాలుగేసి సార్లు తిరగలేదు, రెండో తిరుగుడుకే వదిలేస్తుంది. మీ కాలనీలో రిటైరైన తహసీల్దారు ఆఫీసు ఉద్యోగో బ్యాంకు ఉద్యోగో తప్పకుండా ఉంటారు. ఆయన నెలకు రెండు పూటలు ఈ కాగితాల వెంట తిరిగితే చాలు, మీ ఇరవై వేలలో పైసా కదలకుండానే ఒక కుటుంబానికి నెలకు నాలుగు వేలు అందే వీలు కలుగుతుంది. మీరు చేయగల పనులన్నిటిలోకీ గొప్పది ఇదేనని మా ఉద్దేశం.

ఆయన తయారుచేయాల్సిన ఫైలులో ఇవి ఉంటే దరఖాస్తు సాధారణంగా వెనక్కి రాదు: పిల్ల ఆధార్, సంరక్షకురాలి ఆధార్, జనన ధ్రువపత్రం లేదా పుట్టిన తేదీ ఉన్న బడి కాగితం, మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బడి నుంచి బోనఫైడ్, ఇద్దరి పేరిటా ఉమ్మడి ఖాతా పాస్‌బుక్ మొదటి పేజీ, ఫొటోలు. ప్రతిదానికీ మూడు నకళ్ళు తీసి, ఒక సెట్టు ఆ ఇంట్లోనే ప్లాస్టిక్ కవరులో పెట్టించండి. ఆధార్‌లో పిల్లకు ఐదేళ్ళప్పుడు ఒకసారి, పదిహేనేళ్ళప్పుడు ఒకసారి వేలిముద్రలు కొత్తగా ఇవ్వాలి. పదిహేనేళ్ళది చాలామంది చేయించరు, తరవాత స్కాలర్‌షిప్ దగ్గర వేలిముద్ర సరిపోక ఆగిపోతారు.

ఆమోదం వచ్చాక కూడా వాయిదాలు ఆలస్యం కావచ్చు. నెలలు గడిచాక ఒకేసారి పడితే, ఆ నెలల్లో చేసిన అప్పుకు వడ్డీ కిందే సగం పోతుంది. ఈ ఖాళీని పూడ్చడానికి మీ నిధిలో కొంత అట్టే ఉంచండి. ప్రభుత్వ జాబితాలో చోటు దక్కని పిల్లలకైతే మీరే స్పాన్సర్‌గా నిలబడవచ్చు. వ్యక్తులు, సంఘాలు, కంపెనీలు డీసీపీయూ ద్వారా పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఇచ్చే ఏర్పాటు మిషన్ వాత్సల్యలో ఉంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. ఐదుగురికి ఏడాదిపాటు ఇవ్వడంకన్నా ఇద్దరికి పదో తరగతి పూర్తయ్యేదాకా ఇవ్వడం మేలు. నడుమ ఆపేసిన స్పాన్సర్‌షిప్ పిల్లను అప్పటికే చేరిన బడి నుంచి బయటికి లాగుతుంది.

మీ టీచరమ్మ అడిగింది ఫోస్టర్ కేర్ గురించే. కుదురుతుంది. 2024లో కేంద్రం ఇచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉన్న ఒంటరి వ్యక్తులు కూడా ఫోస్టర్ సంరక్షకులు కావచ్చు. అంతకుముందు దంపతులకే వీలుండేది. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి మగవాళ్ళు మగపిల్లలనే తీసుకోవాలి. పిల్లకు ఆరేళ్ళు దాటి ఉండాలి. ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నాక డీసీపీయూ వాళ్ళు ఇంటికి వచ్చి చూస్తారు. ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, చుట్టుపక్కల వాళ్ళ అభిప్రాయం అన్నీ అడుగుతారు. ఆ నివేదిక మీద బాలల సంక్షేమ సమితి (పిల్ల ఎక్కడ ఉండాలో నిర్ణయించే జిల్లా సంస్థ) ఆదేశం ఇస్తుంది. ఆదేశం లేకుండా, ఎవరో ఒప్పుకున్నారు కదా అని పిల్లను ఇంట్లో ఉంచుకోవడం మాత్రం వద్దు.

ఆమెకు ముందే స్పష్టంగా చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఫోస్టర్ కేర్‌లో పిల్ల ఆమె కూతురు అయిపోదు. కన్న తల్లిదండ్రులు ఉంటే, సమితి వద్దంటే తప్ప, వచ్చి చూసే హక్కు వాళ్ళకుంటుంది. ఇల్లు చక్కబడిందని సమితి అనుకుంటే పిల్ల తిరిగి వెళ్ళిపోవచ్చు. నెలనెలా తనిఖీ ఉంటుంది. అనుమానంతో చేసే పని కాదది, చట్టంలోనే అలా రాసి ఉంది కాబట్టి వస్తారు. అంతా కుదిరి, పిల్ల దత్తతకు చట్టప్రకారం అర్హురాలైతే, రెండేళ్ళు కలిసున్నాక అదే ఇంటికి దత్తత ఇచ్చే వీలు కూడా కొత్త మార్గదర్శకాల్లో ఉంది. ఇదివరకు ఐదేళ్ళు ఆగాల్సి వచ్చేది. దత్తతకు దగ్గరిదారి దొరికిందన్న ఆశతో ఇందులోకి వస్తే మాత్రం పిల్ల వెళ్ళిపోయిన రోజు ఇద్దరూ దెబ్బతింటారు. ఈ మాట ఆమెతో నెమ్మదిగా, ఒకటికి రెండుసార్లు మాట్లాడండి.

ఫోస్టర్ కుటుంబానికి కూడా నెలకు నాలుగు వేలు వస్తాయి. కాలనీగా మీ వంతు వేరే ఉంది. పిల్ల వచ్చేముందు మంచం, పరుపు, చదువుకునే బల్ల సిద్ధం చేయండి. బడి మార్పు కాగితాలకు తోడు వెళ్ళండి. మొదటి మూడు నెలలూ కష్టం. పిల్ల తిండి దాచుకుంటుంది, రాత్రి నిద్రపోదు, అబద్ధం ఆడుతుంది, పక్క తడుపుతుంది. ఇవన్నీ భయంతో చేసే పనులు, చెడు బుద్ధితో కాదు. "ఎవరి పిల్ల? అమ్మానాన్న ఎక్కడ?" అని లిఫ్టులో అడగకుండా ఉండటమే ఇరుగుపొరుగు చేయగల పెద్ద సాయం. వారానికి ఒక సాయంత్రం టీచరమ్మకు ఊపిరాడేలా పిల్లను మీ పిల్లలతో పార్కుకు తీసుకెళ్ళండి, తీసుకెళ్ళేది టీచరమ్మకు తెలిసిన మనిషై ఉండాలి, ప్రతిసారీ అదే మనిషి.

ఇప్పుడు పద్దెనిమిది నిండినవాళ్ళ గురించి. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హోమ్‌లో పదేళ్ళపాటు పెట్టిన శ్రమంతా ఈ ఒక్క ఏడాదిలో చేజారిపోతుంది. చట్టంలోని 46వ సెక్షన్ ప్రకారం హోమ్ వదిలి వెళ్ళేవాళ్ళకు ఆర్థిక సాయం ఇవ్వవచ్చు. దీన్ని ఆఫ్టర్ కేర్ అంటారు. మామూలుగా 21 ఏళ్ళ దాకా, ప్రత్యేక సందర్భాల్లో 23 దాకా. మిషన్ వాత్సల్య కింద ఇదీ నెలకు నాలుగు వేలే. పిల్ల బయటికి రావడానికి రెండు నెలల ముందే ఆఫ్టర్ కేర్ ప్రణాళిక సమితి ముందు పెట్టాలని నియమం. మా దృష్టిలో రెండు నెలలు అస్సలు చాలవు. పదహారు నిండిన రోజు నుంచే మొదలుపెట్టాలి.

పదహారు నుంచి పద్దెనిమిది లోపు అయిపోవాల్సిన పనులు చూడండి. ఆధార్‌లో ఉన్న ఫోన్ నంబరు తరచుగా వార్డెన్‌ది ఉంటుంది. పిల్ల బయటికి వచ్చాక ఓటీపీలన్నీ ఆ నంబరుకు వెళతాయి. వార్డెన్ బదిలీ అయితే ఇక ఖాతా తెరవలేదు, సర్టిఫికెట్ దించుకోలేదు. సొంత సిమ్ రాగానే ఆధార్‌లో నంబరు మార్పించాలి. పదేళ్ళు దాటిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా నడుపుకోవచ్చు. అది పద్దెనిమిదికి మేజర్ ఖాతాగా మారాలి, కేవైసీ మళ్ళీ ఇవ్వాలి. ఇవ్వకపోతే లావాదేవీలు నిలిచిపోతాయి, ఆఫ్టర్ కేర్ డబ్బు వచ్చే ఖాతా అదే అయితే ఇక చెప్పేదేముంది. ఓటరు కార్డుకు పదిహేడు నిండగానే ముందస్తుగా దరఖాస్తు చేయవచ్చు. పదో తరగతి మెమో, టీసీ, కుల ధ్రువపత్రం అసలువి ఎవరి బీరువాలో ఉన్నాయో కనుక్కుని, స్కాన్ చేసి డిజీలాకర్‌లోనూ ఈమెయిల్‌లోనూ పెట్టించండి.

కుల ధ్రువపత్రం విషయంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పదేళ్ళలోపు తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయి, చూసే దిక్కు లేక, ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న అనాథాశ్రమంలో చేరిన పిల్లలు మన తెలుగు రాష్ట్రాల్లో బీసీ-ఏ కిందికి వస్తారు. కులం తెలియదు కాబట్టి ఓసీ అని రాసేసుకుని పాలిసెట్ (పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష) సీటు, ఫీజు రీయింబర్స్‌మెంటు రెండూ పోగొట్టుకునే పిల్లలు ఉంటారు. హోమ్ ఇచ్చే పత్రం, సమితి ఆదేశం నకలు పెట్టి తహసీల్దారుకు దరఖాస్తు చేయించాలి. ఇదీ పదో తరగతి పరీక్షలకు ముందే జరగాలి, సీటు వచ్చాక పరిగెత్తితే గడువు దాటిపోతుంది.

చదువు విషయంలో ఆశయం పేరుతో పిల్లల మీద బరువు పెట్టకండి. ఇంజనీరింగ్ అంటే నాలుగేళ్ళు. ఆఫ్టర్ కేర్ మధ్యలోనే ఆగిపోతే ఆ చదువు ఎవరు నడిపిస్తారో ముందే తేలాలి. పదో తరగతి తరవాత మూడేళ్ళ పాలిటెక్నిక్ డిప్లొమా, ఐటీఐ చాలామందికి బాగా కుదురుతాయి, ఎందుకంటే పద్దెనిమిది, పంతొమ్మిదికల్లా చేతిలో పని ఉంటుంది. మధ్యలో బడి మానేసినవాళ్ళకు ఓపెన్ స్కూల్ ఉంది. పిల్లకు ఏం ఇష్టమో అడగడం మరిచిపోవద్దు. టైలరింగ్, బ్యూటీషియన్ కోర్సులు ఆడపిల్లలందరికీ అంటగట్టడం మనవాళ్ళకు అలవాటు. ఇష్టం లేకుండా చేర్చిన కోర్సు మూడో నెలలో ఆగిపోతుంది.

గది దొరకడం ఇంకో చిక్కు. "మీ నాన్న రావాలి, మాట్లాడాలి" అంటారు ఇంటి యజమానులు. హాస్టల్ వాళ్ళు కూడా గార్డియన్ సంతకం అడుగుతారు. మీ సంఘం తరపున ఇద్దరు వెళ్ళి మాట్లాడి, రెండు నెలల అడ్వాన్స్ కట్టి, గది వదిలినప్పుడు ఆ అడ్వాన్స్ సంఘానికే తిరిగి వచ్చేలా రాయించుకోండి. అప్పుడు అదే డబ్బు తరవాతి పిల్లకు పనికొస్తుంది. ఒప్పందం మాత్రం పిల్ల పేరిటే ఉండాలి.

గది చేరేరోజు చేతిలో ఉండాల్సిన సామాను: రెండు దుప్పట్లు, రెండు తలగడ గలీబులతో ఒక తలగడ, చాప లేదా పరుపు, బకెట్, మగ్గు, తాళం రెండు చెవులతో, మూడు లీటర్ల కుక్కర్, ఒక కడాయి, రెండు కంచాలు, రెండు గ్లాసులు, చాకు, అంట్లు తోమే సబ్బు, టార్చి, మందుల డబ్బా. సొంతంగా వండుకునే గది అయితే ఐదు కిలోల చిన్న సిలిండర్ తీసుకోండి, గుర్తింపు కార్డు ఉంటే చాలు, చిరునామా రుజువు అడగరు. మొదటి నెలకు పది కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు, నూనె, చింతపండు, ఉప్పు, కారం. ఇవి ఇచ్చి వదిలేయకుండా, హోమ్‌లో ఉండగానే నెలకు రెండు ఆదివారాలు పిల్లలతో వంట చేయించాలి, బజారుకు పంపి చిల్లర లెక్క చూడమనాలి, ఏటీఎం వాడించాలి, ఆసుపత్రిలో ఓపీ చీటీ తీయించాలి. సంస్థలో పెరిగిన పిల్లలకు అన్నం గంట కొడితే వచ్చింది. కిలో బియ్యం ఎన్ని రోజులొస్తుందో వాళ్ళకు తెలిసే అవకాశమే లేదు.

బయటికి వచ్చిన మొదటి ఆరు నెలలు ఒకే మనిషి వారానికోసారి ఫోన్ చేయాలి, నెలకోసారి కలవాలి. జీతం రాగానే ఫోను కొనేస్తారు, స్నేహితురాలికి అప్పిస్తారు, మేస్త్రీ తిట్టాడని పని మానేస్తారు. ఇంట్లో పెరిగిన పిల్లలూ ఇవే చేస్తారు, వాళ్ళకు తిరిగి వెళ్ళడానికి ఇల్లు ఉంటుంది. జ్వరం వచ్చి పనికి వెళ్ళని వారం అద్దె కట్టేందుకు మీ నిధిలో మూడు వేలు ఉంటే, ఆ పిల్ల రోడ్డున పడదు, తెలియని మనిషి దగ్గర ఆశ్రయం వెతుక్కోదు.

కాబట్టి ఇరవై వేలు ఇలా పంచితే బాగుంటుంది. బంధువుల దగ్గరున్న ఇద్దరు పిల్లలకు నాలుగేసి వేలు, మొత్తం ఎనిమిది. ఆఫ్టర్ కేర్‌లో ఉన్న ఒకరికి, ప్రభుత్వం ఇచ్చే నాలుగు వేలకు పైన పడే ఖర్చుకు ఏడు వేలు. హోమ్‌కు రెండు వేలు. మిగిలిన మూడు వేలు అత్యవసరానికి తప్ప ఎవరూ ముట్టని నిల్వ, ఏడాదికి 36,000 అవుతుంది. మొదటి ఆరు నెలల్లో నిల్వ తప్ప ఏదీ పెంచకండి. చందాలు మొదటి ఉత్సాహంలో నలభై ఇళ్ళ నుంచీ వస్తాయి, ఏడాది తిరిగేసరికి కొన్ని ఇళ్ళు తగ్గుతాయి. మాట ఇచ్చిన పిల్లకు ఆ తగ్గుదల తగలకూడదు.

హోమ్‌కు ఇచ్చే రెండు వేలతో ఏం కొనాలో మేడమ్‌నే అడగండి. మా లెక్కలో మొదటిది శానిటరీ ప్యాడ్లు. ఒక్కొక్కరికి నెలకు పదిహేను అనుకుంటే ఇరవై మందికి మూడు వందలు. జన ఔషధి దుకాణాల్లో సువిధ ప్యాడ్ ఒక్కటి రూపాయి. వాటితోపాటు మూతున్న చెత్తబుట్టలు కూడా ఇవ్వండి, లేకపోతే మరుగుదొడ్లు పూడుకుపోయి ఆ ఖర్చు ఇంకా ఎక్కువవుతుంది. కళ్ళ పరీక్ష, కళ్ళజోళ్ళు, కొళాయి మరమ్మతు, రాత్రి చదువుకు ఇన్వర్టర్ బ్యాటరీ, ఇలాంటివి ఫొటోకు అందవు కాబట్టి ఎవరూ ఇవ్వరు. వాడిన బట్టలు, వాడిన దుప్పట్లు వద్దు. సంస్థల్లో గజ్జి ఒకరికి వస్తే అందరికీ పాకుతుంది. ఒకే రోజు అందరికీ మందు రాసి, పక్కబట్టలన్నీ వేడినీళ్ళలో ఉతికితేనే పోతుంది.

పుట్టినరోజుకు తిండి పెట్టాలన్న కోరిక పోదు, అది మంచి కోరికే. వండినది తీసుకెళ్ళకుండా, వారం ముందు చెప్పి, సరుకులు ఇచ్చి, హోమ్ వంటగదిలోనే వండించండి. బయట పది గంటలకు దమ్ చేసిన బిర్యానీ రెండింటికి చేరేసరికి అందులో క్రిములు పెరుగుతాయి, మళ్ళీ వేడిచేసినా అవి వదిలిన విషం పోదు. 2024 ఆగస్టులో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో ఒక వసతి గృహంలో కలుషితమైన తిండి తిని పిల్లలు చనిపోయారు. ఆ భయం ప్రతి సూపరింటెండెంట్‌కూ ఉంటుంది.

పాఠాలు చెప్పడానికి వెళ్ళేవాళ్ళు ఉంటే ఒక విద్యాసంవత్సరం మొత్తం, జూన్ నుంచి ఏప్రిల్ దాకా, వారానికి రెండు రోజులు తప్పకుండా రాగలిగిన వాళ్ళనే పంపండి. నాలుగు వారాలు వచ్చి మాయమయ్యే అక్కలూ అన్నలూ ఆ పిల్లలకు ఇప్పటికే చాలామంది ఉన్నారు. పోలీసు వెరిఫికేషన్ ఉండాలి, రిజిస్టర్‌లో సంతకం ఉండాలి, ఏ పిల్లతోనూ ఒంటరిగా గదిలో కూర్చోకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఏ పిల్లయినా తనను ఎవరో తాకారనో బాధపెట్టారనో చెబితే, వినండి, గుచ్చిగుచ్చి అడగకండి, హోమ్ వాళ్ళతో సర్దుబాటు చేయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ వెంటనే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం.

ఫొటోల విషయంలో కచ్చితంగా ఉండండి. పిల్ల ముఖం, పేరు, బడి, గుర్తుపట్టే ఏ వివరమూ వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టకూడదు. బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ముఖం మీద బొమ్మ అతికించి పెట్టినా వెనక హోమ్ బోర్డు కనిపిస్తే గుర్తుపట్టినట్టే. చందా ఇచ్చినవాళ్ళకు రుజువు కావాలంటే బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్ నెలనెలా గ్రూపులో పెట్టండి, పిల్లల పేర్లు కనిపించకుండా చెరిపి.

దసరాకు ఇంటికి తెచ్చుకోవడం: సమితి ఆదేశం లేకుండా హోమ్ ఏ పిల్లనూ బయటివాళ్ళతో పంపకూడదు, మేడమ్‌ను ఇబ్బంది పెట్టకండి. అనుమతి దొరికినా మేము వద్దనే అంటాం. రెండు రోజులు ఇంటి మంచం మీద పడుకుని, మూడో రోజు డార్మిటరీకి తిరిగొచ్చే పిల్లకు ఆ రాత్రి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఎంపిక కాని మిగతా పిల్లల సంగతీ ఉంది. హోమ్‌లోనే అందరితో కలిసి బతుకమ్మ పేర్చండి, తంగేడు, గునుగు పూలు మీ కాలనీ నుంచే తీసుకెళ్ళండి.

మీ తమ్ముడి డబ్బుకు ఆయన పాస్‌పోర్టు చూడాలి. భారత పాస్‌పోర్టే ఉంటే, తన బ్యాంకు ఖాతా నుంచి మామూలు పద్ధతిలో పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు నకలు ఫైలులో పెట్టుకుని తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థకు మాత్రమే, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకున్న ప్రత్యేక ఖాతాకే పంపాలి. ఆ సంస్థ దాన్ని మీ సంఘానికి మళ్ళించడానికి కూడా 2020 సవరణ తరవాత వీల్లేదు. అక్కగా మీకు బహుమతిగా పంపి, మీరు సంఘంలో వేయడం అనే దొడ్డిదారి జోలికి పోకండి, నోటీసు వస్తే సంఘం మొత్తం ఇరుక్కుంటుంది. ఆయనకు అమెరికా పౌరసత్వం ఉంటే, పిల్లల కోసం పనిచేస్తూ ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న సంస్థను చూసుకుని నేరుగా ఇవ్వమనండి.

ఇక్కడి చందాదారుల్లో పన్ను మినహాయింపు అడిగేవాళ్ళకు: కాలనీ సంఘానికి సాధారణంగా 80జీ (విరాళాలకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) గుర్తింపు ఉండదు కాబట్టి మీ రసీదు పనికిరాదు. 80జీ ఉన్న సంస్థకు నేరుగా ఇస్తే సాధారణంగా ఇచ్చినదాంట్లో సగానికి మినహాయింపు వస్తుంది, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. నగదుగా రెండు వేలు దాటి ఇస్తే లెక్కలోకి రాదు. సంస్థ నుంచి ఫారం 10బీఈ (విరాళం ధ్రువపత్రం) అడిగి తీసుకోమనండి, అది లేకుండా రసీదు ఒక్కటీ చాలదు.